ఒంటిగంటా పదికి మొదలయ్యే పరీక్ష

చెవుల ఆసుపత్రిలో ఆవిడను అందరూ బీప్ మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. మొదట్లో చెవిన పడ్డప్పుడు ఒళ్ళు మండేది. పోనుపోను ఎవరైనా అలా పిలిస్తే పలికేసేంత అలవాటైపోయింది. చేసే పని అలాంటిది మరి. మనిషిని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి బటన్ ఒకటి ఇచ్చి, “వినపడగానే నొక్కండి. ఎంత సన్నగా వినపడినా సరే, నొక్కండి” అని చెప్పి తలుపు మూస్తుంది. బయట బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క బీప్ వదులుతుంది. లోపలివాళ్ళు నొక్కితే బల్ల మీది పరీక్ష పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక చుక్క పడుతుంది. చుక్కలు పైనుంటే చెవులు బాగున్నట్టు, కిందికి జారితే పోయినట్టు.

ఆసుపత్రి ఒక వీధి మలుపులో రెండో అంతస్తు. కింద కళ్ళజోళ్ళ షాపు. పరీక్ష గది తలుపు జానెడు మందం, అంచుల చుట్టూ రబ్బరు. మూస్తే లోపల మనిషికి తన గుటక తనకే వినపడుతుంది. తలుపు పక్కన పుస్తకమంత కిటికీ, దానికి రెండు పొరల అద్దం.

ఆ కంప్యూటర్ పన్నెండేళ్ళనాటిది. మూలుగుతూ లేస్తుంది, మూలుగుతూ పడుకుంటుంది. అయినా చెప్పిన పని చేస్తూనే ఉంది గనుక ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ నెల మొదటి వారంలో పెద్ద డాక్టరుగారు ఒక కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

“అమ్మా, ఈ మెషీన్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఈ నెలాఖరుతో నూకలు చెల్లాయట. ఇక దానికి రిపేర్లూ ఉండవు, రక్షణా ఉండదు. ముప్పై ఒకటి దాటితే మన నెట్‌వర్క్‌లో ఉండనివ్వరు. కొత్తది వేయించాలి. మీ తమ్ముడు ఈ పనులే చేస్తాడుగా?”

తమ్ముడు ఈ పనులే చేస్తాడు. నలభై దాటినా అక్క ముందు ఇంకా నోరు ఆగని మనిషి. మంగళవారం పొద్దున్నే భుజాన సంచీతో వచ్చి, కుర్చీ లాక్కుని, కంప్యూటర్ మూత విప్పి దుమ్ము ఊదాడు.

“అక్కా, ఇందులో దుమ్ము తీసి అమ్మితే ఇటుకలు చేసుకోవచ్చు.”

“నోరు మూసుకుని పని చూడరా. ఒక్క పేషెంట్ కాగితం పోయినా నీ చెవులు మెలిపెడతా.”

“ఏం పోదు. ముందు అన్నీ ఒక డిస్కులోకి కాపీ తీస్తా. లెక్క సరిపోయాకే పాతది పీకి కొత్తది వేస్తా. మీ రిజిస్టర్‌లో మొత్తం ఎన్ని పరీక్షలున్నాయి?”

ఆవిడ రిజిస్టర్లు దింపి చూసి చెప్పింది. ఇరవై ఆరు వేల నూట పద్దెనిమిది. వాడు తెర వైపు చూశాడు. మళ్ళీ ఏదో కొట్టి మళ్ళీ చూశాడు.

“నీ మెషీన్‌లో మూడు వేల రెండొందల చిల్లర ఎక్కువున్నాయి.”

“రెండుసార్లు ఎక్కించి ఉంటాం.”

“రెండుసార్లు కాదక్కా. అన్నీ ఒకే మనిషివి. ఇలా రా.”

ఆవిడ వచ్చి వంగి చూసింది. పేరు ఉండాల్సిన గడి ఖాళీ. నంబరు సున్నా. రోజూ ఆవిడ వాడే ప్రోగ్రాం పేర్లు ఉన్నవాళ్ళనే చూపిస్తుంది గనుక ఈ ఫైలు ఎన్నడూ కంటపడలేదు. దాని కింద తేదీల వరస. ఆసుపత్రి తెరిచి ఉన్న ప్రతి రోజూ ఉంది. పదకొండేళ్ళుగా ఉంది. మొదలైన సమయం అన్నింటికీ ఒక్కటే: ఒంటిగంటా పది.

ఒంటిగంటకు అందరూ క్యారియర్లు తీసుకుని వరండా చివరి గదికి వెళ్ళిపోతారు. పరీక్ష గదికి తాళం వేసి తాళంచెవి ఆవిడే తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటుంది. రెండింటికి ఆవిడే తెరుస్తుంది.

“మెషీన్ గడియారం తప్పేమో” అంది.

“గడియారం బాగానే ఉంది. సరే, పరీక్షలు చూద్దాం” అని తమ్ముడు మొదటిది తెరిచాడు.

చుక్కలన్నీ అట్టడుగున ఉన్నాయి. రెండు చెవులూ. అంటే మెషీన్ పెట్టగలిగినంత పెద్ద మోతకు కూడా ఆ మనిషి నొక్కలేదు. మర్నాటిదీ అంతే. ఆ సంవత్సరమంతా అంతే. వాడు గబగబా ముందుకు జరుపుతున్నాడు. రెండో ఏడు చివర్లో ఒక చుక్క ఒక గీత పైకి లేచింది. తర్వాత ఇంకోటి. నాలుగో ఏటికి కేకేస్తే పలికే మనిషి. ఆరో ఏటికి మామూలుగా మాట్లాడితే వినే మనిషి. తొమ్మిదో ఏటికి చుక్కలన్నీ పసిపిల్లల చెవులకు ఉండే చోటుకు చేరాయి. అక్కడా ఆగలేదు. మెషీన్ పెట్టగలిగిన అతి చిన్న చప్పుడు దాకా ఎక్కి, తెర పై అంచుకు ఆనుకుపోయాయి.

ఆవిడకు ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళ అనుభవం. వినికిడి తగ్గడం చూసింది, ఆగడం చూసింది. పెరగడం చూడలేదు.

“ఇది చూడు” అన్నాడు తమ్ముడు. ఈసారి వాడి గొంతులో వేళాకోళం లేదు. “నిన్నటిది. బీప్ పెట్టిన టైమూ నొక్కిన టైమూ పక్కపక్కనే రాస్తుంది మీ మెషీన్. వీడు బీప్ కన్నా ముందే నొక్కుతున్నాడు.”

ఆమె కళ్ళు మొదటి తేదీ మీదే ఉండిపోయాయి. ఆ తేదీ ఆమెకు తెలుసు.

మర్నాడు ఇద్దరూ భోజనానికి వెళ్ళలేదు. లోపలినుంచి గడియ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. బయట ఎండ ఫెళ్ళుమని కాస్తోంది. పరీక్ష గది తలుపు బార్లా తీసిపెట్టారు. కుర్చీ ఖాళీ. హెడ్‌ఫోన్స్ కొక్కేనికి వేలాడుతున్నాయి, బటన్ తీగ చివర కిందికి వేలాడుతోంది.

“వైరస్ అయ్యుంటుందక్కా. పాత సిస్టమ్‌లకి పట్టని రోగం ఉండదు” అన్నాడు తమ్ముడు. తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది.

ఒంటిగంటా పది అయింది. తెర మీద పరీక్ష కిటికీ దానంతటదే తెరుచుకుంది. పేరు గడి ఖాళీ. మెషీన్ తనే బీపులు వదిలే పద్ధతి ఒకటుంది, అది మొదలైంది. హెడ్‌ఫోన్స్‌లోంచి దోమ రొదలాంటిది కూడా ఆవిడకు వినపడలేదు. కానీ పెట్టె మీద పచ్చ దీపం వెలిగి ఆరింది.

ఇద్దరూ బటన్ వైపు చూశారు. అది కదలలేదు. దీపం మళ్ళీ వెలిగింది. ఆరింది. కాస్త ఆగి మళ్ళీ. ఓపికగా, తొందరలేకుండా, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి నొక్కినట్టు.

తమ్ముడు లేచి లోపలికెళ్ళి తీగ పట్టుకుని గోడలోంచి పీకేశాడు. బటన్ వాడి చేతిలోకి వచ్చేసింది. దీపం వెలిగింది.

“పద బయటికి” అన్నాడు.

“ఆగరా. అది ఎవరో నాకు తెలుసు.”

ఆవిడ బల్ల అంచు పట్టుకుని, ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూనే చెప్పింది. అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. ఆ రోజు ఒక ఫ్యాక్టరీవాళ్ళు పరీక్షలకు ఆరుగురిని పంపారు. ఆఖరివాడు క్రేన్ నడిపే మేస్త్రీ. అప్పటికే ఒంటిగంట దాటింది, ఆకలి దంచేస్తోంది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి, మెషీన్‌ని దానంతటది చేసుకునేలా పెట్టి, తను భోజనానికి వెళ్ళిపోయింది. వచ్చి చూస్తే చుక్కలన్నీ అడుగున ఉన్నాయి.

“ఆయన బయటికొచ్చి, ఏమీ వినపడలేదమ్మా, అసలు చప్పుడు పెట్టారా అన్నాడు. నేను అటు తిరిగి ఏదో రాసుకుంటూ, వినికిడి పోవడమంటే అదే కదండీ అన్నాను. అటు తిరిగి అన్నానురా. అయినా ఆయన విన్నాడు. అయ్యో అని కూడా అన్నాడు. అప్పుడైనా నాకు వెలగాలిగా? డాక్టరుగారితో సంతకం పెట్టించి సాయంత్రానికి రిపోర్ట్ పంపేశాను.”

“తర్వాత?”

“మర్నాడు గది తుడుస్తుంటే చూశాను. హెడ్‌ఫోన్స్ ప్లగ్గు గోడలోంచి సగం బయటికి వచ్చేసి ఉంది. వదులైపోయింది. ఆయన చెవుల్లో ఒక్క చప్పుడూ పడలేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాను. పెట్టేశాను. ఉద్యోగం ఊడుతుందని భయం. ఆ పరీక్ష తెరిచి పేరూ నంబరూ చెరిపేశాను.”

ఆమె మాట పూర్తవుతుండగా పచ్చ దీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. ఎవరో బొటనవేలు బటన్ మీద అదిమి పట్టుకున్నట్టు వెలుగుతూనే ఉండిపోయింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఒంటిగంటా నలభైకి పరీక్ష కిటికీ మూసుకుపోయింది, దీపమూ ఆరింది.

తమ్ముడు నుదురు తుడుచుకున్నాడు. “అక్కా, నా మాట విను. ఆ సున్నా ఫైలు వదిలేసి మిగతావన్నీ ఎక్కించేస్తా. ఈ డబ్బాని ముక్కలు చేసి పారేద్దాం. దానితోనే పోతుంది.”

“దానితో ఏం పోతుందో నీకు తెలుసా?”

వాడు పీకిన బటన్ తీగను మళ్ళీ గోడలోకి గుచ్చాడు.

“శనివారం దాకా ముట్టుకోకు” అంది ఆవిడ.

పాత రిజిస్టర్‌లో ఫ్యాక్టరీ పంపిన ఉత్తరం అంటించి ఉంది. అందులో ఆరుగురి పేర్లూ చిరునామాలూ ఉన్నాయి. గురువారం సెలవు పెట్టి బయల్దేరింది. రెండు బస్సులు మారాలి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉంది. కూర్చిన ప్రతిదీ రెండో మాటకే విడిపోయింది.

ఇరుకు సందులో వరసగా ఒకే రకం ఇళ్ళు. ఆఖరి ఇంటి మెట్ల మీద ఒకావిడ బట్టలు మడత పెడుతోంది. బీప్ మేడమ్ నోరు తెరవకముందే ఆవిడ లేచి నిలబడింది.

“చెవుల ఆసుపత్రి నుంచి కదూ? రండి. పొద్దుటి నుంచి మీ కోసం కుర్చీ వేసి పెట్టమని ఒకటే పోరు.”

“నేను వస్తున్నట్టు మీకెవరు చెప్పారు?”

“మా ఆయనే చెప్పాడు. నిన్న మధ్యాహ్నం కూర్చుని లేచాక చెప్పాడు. నేను పట్టించుకోలేదు, ఏవో అంటుంటాడు లెండి.” ఆవిడ గొంతు తగ్గించింది. “రోజూ ఒంటిగంటా పదయ్యేసరికి ఆ మూల కుర్చీలో కూలబడతాడు. కళ్ళు మూసుకుని అరగంట. బొటనవేలితో కుర్చీ చెయ్యిని నొక్కుతుంటాడు. పిలిస్తే పలకడు, కుదిపినా పలకడు. చెక్క అరిగి గుంట పడింది. డాక్టర్లకి చూపించాం, అలవాటు అన్నారు. అలవాటేగా, పోనీలే అనుకున్నా.”

లోపల గది చీకటిగా, చల్లగా ఉంది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. గోడకు గడియారం లేదు. తలుపుల కింద గుడ్డలు కుక్కి ఉన్నాయి. మేస్త్రీ మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన బక్కపలచని మనిషి, చేతులు మాత్రం ఇంకా పెద్దవి. చెవుల్లో దూది.

“మెల్లిగా నడవండమ్మా. మీ కాలి చెప్పు వారు ఒకటి తెగబోతోంది. సందు మొదట్లోనే విన్నా” అన్నాడు.

ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయనే అందుకున్నాడు.

“ప్లగ్గు వదులైందన్నారు. నిన్న విన్నాను. పదకొండేళ్ళు ఏం జరిగిందో తెలియకుండా విన్నాను, నిన్న తెలిసింది.”

“మేస్త్రీ గారూ...”

“కోపం లేదని అబద్ధం ఆడను. ఇరవై రెండేళ్ళు క్రేన్ నడిపాను. కింద నుంచి విజిల్ వేస్తే ఏ విజిల్ ఎవరిదో చెప్పేవాణ్ణి. మీ కాగితం వచ్చిన రోజే దింపేశారు. గోనె సంచులు సర్దే పనిలో వేశారు. నేను వింటున్నానురా అంటే, చెవిటివాడు అలాగే అంటాడని నవ్వారు. సరే, అది అలా ఉంచండి.” బొటనవేలితో కుర్చీ చేతి మీది గుంటను తడిమాడు. “ఆ రోజు మీరేమన్నారు? ఎంత సన్నగా వినపడినా నొక్కమన్నారు. నేను వినడానికి కూర్చున్నాను. ఏదీ రాలేదు. ఇంకా వింటూనే ఉన్నాను. మీరొచ్చి తలుపు తీసి చేత్తో రమ్మని సైగ చేశారు. పరీక్ష అయిపోయిందని మాత్రం చెప్పలేదు.”

ఆవిడకు ఆ సైగ గుర్తొచ్చింది. చేతిలో ఇంకా క్యారియర్ ఉంది అప్పుడు.

“మొదట్లో ఒంటిగంటా పది కాగానే చెవుల మీద ఏదో బరువు వచ్చి కూర్చునేది, అంతే. తర్వాత తర్వాత మీ గది వినపడడం మొదలైంది. నీళ్ళ గొట్టం. కింద షాపులో అద్దాలు అరగదీసే చప్పుడు. ఇప్పుడు అరగంటతో ఆగడం లేదమ్మా. రోజంతా వినపడుతోంది. పక్కింట్లో నిద్రపోయే వాళ్ళ గుండెలు. మనిషి మాట్లాడబోయే ముందు పెదాలు విడిపడే చప్పుడు. మా ఆవిడ నాతో ఏదన్నా అనబోయి మానేస్తుంది చూడండి, అదీ వినపడుతుంది.”

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ డబ్బా మార్చేస్తున్నారటగా. ముక్కలు చేద్దామన్నాడు మీ తమ్ముడు.” మేస్త్రీ మొదటిసారి కళ్ళెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. “మార్చేలోపు పరీక్ష ముగించండి. నేను సగం అక్కడే ఉండిపోయాను. అది ఆగిపోతే ఆ సగం ఎక్కడుంటుందో నాకు తెలీదు. మీకు తెలుసా?”

“తెలీదు” అంది ఆవిడ. “శనివారం రండి. నేనే చేస్తాను. మెషీన్‌కి వదిలి వెళ్ళను.”

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన చెవులకు దూది, ఆ పైన తువ్వాలు చుట్టుకుని, వీధి మోతకు ఒణుకుతూ మెట్లెక్కాడు. హాల్లో బెంచీల మీద ఏడెనిమిది మంది పేషెంట్లు వరస కోసం కూర్చుని ఉన్నారు. తమ్ముడు పరీక్ష గది ముందు కొత్త డిస్కు చేత్తో పట్టుకుని, కాన్పు గది బయట తండ్రిలా పచార్లు చేస్తున్నాడు.

ఆవిడ ప్లగ్గు గోడలోకి నొక్కింది. లాగి చూసింది. మళ్ళీ నొక్కింది. హెడ్‌ఫోన్స్ ముందు తన చెవులకు పెట్టుకుని తమ్ముడి చేత బీప్ వేయించి, రెండు వైపులా వినపడుతోందని తేల్చుకున్నాక ఆయన చెవులకు తగిలించింది. బటన్ చేతిలో పెట్టింది. తలుపు మూసేముందు ఆయన చిన్నపిల్లాడిలా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఇక్కడే ఉంటారుగా?”

“ఇక్కడే ఉంటాను.”

ఒంటిగంటా పదికి తెర మీద పరీక్ష కిటికీ తనంతట తానే తెరుచుకుంది. పేరు గడిలో గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆవిడ కీబోర్డు ముందుకు లాక్కుని, ఆయన పేరు ఇంటిపేరుతో సహా కొట్టింది. వయసు, చిరునామా, ఫ్యాక్టరీ పేరు, ఒక్కటీ వదలకుండా కొట్టింది. మెషీన్ కాసేపు మూలిగింది. తర్వాత సున్నా నంబరు చెరిగిపోయి, ఆ చోట పదకొండేళ్ళ కిందటి వరస నంబరు వచ్చి నిలిచింది. దానంతటది నడిచే పద్ధతిని ఆపేసి, బీపులు వదిలే మీట తన చేతిలోకి తీసుకుంది.

మొదటి బీప్ వదిలింది. దీపం వెలగలేదు.

రెండోసారి వదిలింది. వెలగలేదు. కాస్త పెంచింది. అయినా లేదు. అద్దంలోంచి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని, మెడ కొంచెం పక్కకు వంచి, ఎక్కడో చాలా దూరంలో ఉన్నదాన్ని వింటున్నట్టున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది.

“అక్కా, చుక్కలు కిందికి పోతున్నాయి” అన్నాడు తమ్ముడు. “మళ్ళీ మొదటి రోజులాగే పడుతున్నాయి.”

“నోరు మూసుకో.”

ఆవిడ మీట వదల్లేదు. ఇంకా పెంచింది. తలుపు బయట ఉన్నవాళ్ళకు కూడా వినపడేంత మోత అయింది. అప్పుడు లోపల ఆయన ఉలిక్కిపడ్డాడు. దీపం వెలిగింది.

అక్కడినుంచి ఆవిడ మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చింది. ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఆయన నొక్కేదాకా చూసి. దూరంగా వెళ్ళిపోయిన మనిషిని పేరు పెట్టి పిలుచుకుంటూ ఇంటి దాకా నడిపించుకొస్తున్నట్టు ఉంది ఆమెకు. ఆయన భుజాలు కిందికి దిగాయి. మెడ నిటారుగా వచ్చింది. చుక్కలు ఒకటొకటిగా పైకొచ్చి, మామూలు చోటుకు చేరి, అక్కడ ఆగాయి. సన్నటి కీచు చప్పుళ్ళ దగ్గర కొంచెం కిందికి జారాయి. అరవై దాటిన ఎవరి చెవులకైనా ఉండే చుక్కలే. ఇంకా చిన్న చప్పుడు వదిలితే దీపం వెలగలేదు. రెండుసార్లు చూసింది. వెలగలేదు.

ఆవిడ లేచి తలుపు తీసింది. తన చేత్తోనే ఆయన హెడ్‌ఫోన్స్ తీసింది.

“అయిపోయిందండీ. పరీక్ష అయిపోయింది.”

ఆయన కళ్ళు తెరిచాడు. నిద్రలోంచి లేచినవాడిలా అటూ ఇటూ చూశాడు. బటన్ ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఆమే వేళ్ళు విప్పి తీసుకుంది. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది.

చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, మూడు రోజులుగా మోస్తున్న మాట మెల్లిగా, ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పింది.

“ఏమన్నారూ?” అన్నాడాయన.

మళ్ళీ చెప్పింది.

“కాస్త గట్టిగా చెప్పండమ్మా. ఇక్కడ గోలగా ఉంది.”

హాల్లో గోల ఏమీ లేదు. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటున్నారు, ఫ్యాను తిరుగుతోంది. బెంచీల మీదివాళ్ళు ఇటు తిరిగి చూస్తున్నారు. పెద్ద డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ అప్పుడే తన గదిలోంచి బయటికొచ్చారు. బీప్ మేడమ్ అందరినీ ఒకసారి చూసింది. తర్వాత గొంతెత్తింది.

“తప్పు నాదండీ! మీ చెవులు ఆ రోజు బాగానే ఉన్నాయి! ప్లగ్గు ఊడిపోతే నేను చూసుకోలేదు! మర్నాడు తెలిసి కూడా దాచిపెట్టాను! మీ పని నా వల్ల పోయింది! నన్ను క్షమించండి!”

మాటలు ఆగిపోయాయి. ఫ్యాను చప్పుడు మాత్రం మిగిలింది. మేస్త్రీ తల ఊపాడు. ఈసారి వినపడింది.

“క్షమించడం సంగతి ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాను” అన్నాడు. ఆయన భార్య చెవి దగ్గర ఏదో అంటే, “ఆ? ఏంటీ?” అని అటు తిరిగాడు. అదే మాట ఆవిడ చేత ఇంకోసారి అనిపించుకుని నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా, పగలబడి నవ్వాడు. “సగం వినపడకపోతే ఎంత హాయిగా ఉందే!”

తువ్వాలు బెంచీ మీదే మర్చిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తమ్ముడు ఆ మధ్యాహ్నమే పాత డిస్కు పీకి కొత్తది బిగించాడు. మూడు గంటలు పట్టింది. తెర కొత్త రంగులతో, ఏ మూలుగూ లేకుండా లేచింది. ఫైళ్ళన్నీ ఎక్కించి లెక్క చూశాడు. ఇరవై ఆరు వేల నూట పద్దెనిమిది, మంగళవారం నుంచి చేసిన కొత్తవి, ఆ పైన మేస్త్రీది ఆ రోజు చేసిన ఒక్కటి. అంతే. మిగిలిన మూడు వేలూ రాలేదు. అనుమానమొచ్చి మంగళవారం తీసిన కాపీలో వెతికాడు. అందులోనూ లేవు. అవి ఉన్న చోట్ల ఏమీ రాయని ఖాళీ ఉంది.

“నువ్వూ చూశావుగా అక్కా? నేనొక్కణ్ణే చూడలేదుగా?” అని మూడుసార్లు అడిగాడు. చూశానని మూడుసార్లూ చెప్పింది.

పెద్ద డాక్టరుగారు ఆమెను లోపలికి పిలిచి పాత ఫైళ్ళు తీయించారు. ఆ పాత రిపోర్ట్ మీద సంతకం ఆయనది కూడా. చివరికి, ఆరు నెలల పాటు ఆమె చేసిన ప్రతి పరీక్షా ఇంకొకరు చూసి సంతకం చెయ్యాలన్నారు. ఫ్యాక్టరీకి తనే ఉత్తరం రాశారు. హాల్లో ఆ రోజున్న పేషెంట్లలో ఇద్దరు మళ్ళీ ఆ ఆసుపత్రి మెట్లెక్కలేదు. ఆమె దేనికీ అడ్డు చెప్పలేదు.

ఫ్యాక్టరీ నుంచి జవాబు రావడానికి నెలన్నర పట్టింది. ఆ క్రేన్‌లే ఇప్పుడు లేవట. అయినా పాత రిపోర్ట్ తప్పని రికార్డుల్లో దిద్దుతున్నామని, ఆయన వినికిడి లోపం వల్ల కాక పొరపాటు వల్ల పని నుంచి దిగారని, కింద ముద్ర వేసి రాశారు. పోస్టులో పంపమన్నారు డాక్టరుగారు. ఆవిడ పంపలేదు. రెండు బస్సులు మారి తనే తీసుకెళ్ళింది.

కిటికీలకు దుప్పట్లు లేవు. ఆయన భార్య గుమ్మంలోనే కనపడి, పెదాల మీద వేలు పెట్టబోయి, మళ్ళీ తనే నవ్వుకుని మామూలు గొంతుతో చెప్పింది.

“నిద్రపోతున్నాడండీ. ఇప్పుడు బాంబు పేల్చినా లేవడు. లేపమంటారా?”

“వద్దు, వద్దు” అంది బీప్ మేడమ్.

ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద నీడలో కూర్చుంది. లోపలినుంచి గురక వినపడుతోంది. ఆయన ఎప్పుడు లేస్తే అప్పుడే ఇద్దామనుకుంది.